చల్లన్నం పండగ

వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌లో ఇంద్రజను ఎరిగినవాళ్ళలో సగం మంది ఆమెను పంజాబీ పిల్ల అనే అనుకునేవారు. అనుకోరూ మరి? సోంధీల కోడలు. లోహ్రీకి ఇంటింటికీ నువ్వుండలు పంచుతుంది. వసంత పంచమికి పసుపుపచ్చ చీర కట్టుకుని కుంకుమపువ్వు వేసిన తీపన్నం వండుతుంది. బైసాఖీకి గురుద్వారాలో రొట్టెలు ఒత్తే ఆడవాళ్ళ వరసలో కూర్చుంటుంది. కానీ వేలు తలుపు సందులో పడితే మాత్రం "వామ్మో, సచ్చిపోతి!" అనేది. అప్పుడు బయటపడేది అసలు ఊరు హన్మకొండ అని.

హన్మకొండలో లెక్కల పంతులు మధుసూదనరావు కూతురు ఆమె. తొంభై ఆరులో చదువుకోవడానికి వెల్లింగ్టన్ వచ్చి, సాయంత్రాలు ఒక డెయిరీలో పని చేసేది. అక్కడ డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు, కాదు. వీధి మలుపులో ఉండే చిల్లర కొట్టు. అదే కొట్లో పొద్దుటి పని తరుణ్ సోంధీ అనే జలంధర్ కుర్రాడిది. అతను వెళ్ళే వేళకు ఈమె వచ్చేది. మధ్యన ఓ పావుగంట. ఎన్ని పావుగంటలు ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు గానీ, తొంభై ఎనిమిదిలో రిజిస్ట్రార్ ముందు సంతకాలు పెట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా ఇళ్ళకు ఫోన్లు చేశారు. పంతులుగారు వారం రోజులు నోరు విప్పలేదు. ఎనిమిదో రోజున "పిలగాడు అన్నం తింటడా, రొట్టెలేనా?" అని అడిగారు. అంటే ఒప్పుకున్నట్టే.

జలంధర్‌లో ఫోన్ ఎత్తింది తరుణ్ తల్లి. కైలాష్ రాణి ఆమె పేరు, ఇంటిల్లిపాదికీ బీజీ, అంటే అమ్మ. భర్త లేడు, ఒక్కడే కొడుకు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "వ్రతాలు చేయడం వచ్చా నీకు?" అని కోడలిని అడిగింది.

"రాదు బీజీ."

"సరే, నేను నేర్పుతాను."

అత్తాకోడళ్ళు మాట్లాడుకున్నది హిందీలోనే. జలంధర్ హిందీ ఒకటి, హన్మకొండ హిందీ ఒకటి. ఆ రెండూ కలిసిన హిందీని ఏ హిందీ మాస్టారైనా విని ఉంటే ఆ పూటే ఉద్యోగం మానేసేవాడు. కనుక వాళ్ళ మాటలు నేను తెలుగులోనే చెబుతాను.

నేర్పిందండీ ఆ మహాతల్లి, అంత దూరం నుంచి, ఫోన్‌లోనే. ఏ పండగకు ఏం వండాలో, ఏ ఉపవాసానికి ఏది ముట్టకూడదో, వరసగా. చేత్ నవరాత్రులకు మట్టి మూకుడులో బార్లీ గింజలు చల్లి మొలిపించాలి. చేత్ అంటే మన చైత్రమే. పంజాబ్‌లో అది గోధుమచేలు పండే కాలం, రుతువులు తిరగబడే లోవర్ హట్‌లో ఆకులు రాలి, దక్షిణపు చలిగాలి మొదలయ్యే కాలం. వసంతకాలపు పండగలన్నీ ఇంద్రజ చలికోటు వేసుకునే చేసింది. బార్లీ ఎంతకీ మొలవకపోతే మూకుడును వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరాలో దాచింది. మొలిచాయి, వెలుతురు లేక తెల్లగా పాలిపోయి మొలిచాయి. ఆ మాట చెబితే బీజీ "మొలిచాయిగా, చాల్లే" అంది.

తొంభై తొమ్మిదిలో కూతురు పుట్టింది. పుట్టిన రోజుకు మూడు రోజులుగా ముసురు, అందుకని వర్షిణి అని పేరు పెట్టారు. పిలవడం మాత్రం బన్నీ అనే. బన్నీ పుట్టాక బీజీ నేర్పే వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి వచ్చి చేరింది. అది శీతలామాత పండగ. వాళ్ళు బాసీ అంటారు, అంటే చద్ది. చేత్ నెల చీకటి పక్షంలో వచ్చే అష్టమి నాడు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. ముందురోజే వండిన తీపన్నం, గుల్‌గులే అనే తీపి బూరెలు, పెరుగు, అన్నీ చల్లగానే మాతకు పెట్టి, చల్లగానే తినాలి. ఒంటి మీద పొక్కులు, జ్వరం తెచ్చే తల్లి ఆవిడ. చల్లగా చూస్తే పిల్లలను చల్లగా వదిలేస్తుంది. ఇది తల్లి చేయాల్సిన పని, తల్లే చేయాలి అని బీజీ ఒకటికి పదిసార్లు చెప్పింది.

ఇంద్రజ ఆ సంగతి హన్మకొండలో తల్లి పార్వతికి చెబితే ఆమె నవ్వింది. "మన పోచమ్మనే బిడ్డా! ఊరు మారింది, పేరు మారింది, అంతే. మంచిగ చెయ్యి."

మంచిగానే చేసింది. మూడేళ్ళు వరసగా చేసింది. ప్రతి ఏడూ ముందురోజు బీజీ ఫోన్ చేసి "ఇవాళ బియ్యం నానబెట్టు" అనేది, ఈమె నానబెట్టేది. మర్నాడు బన్నీ చల్లన్నం గిన్నె ముందేసుకుని "అమ్మా, మైక్రోవేవ్?" అని అడిగేది. "ఇవాళ కాదు" అంటే మూతి ముడుచుకుని, ఎండుద్రాక్షలు ఏరుకుని తినేది. అసలు తిథి ఏదో, అది ఏ తేదీన పడిందో ఇంద్రజ ఏనాడూ చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం ఏముంది, ఫోన్ వస్తుంటే?

రెండు వేల మూడులో ఆ ఫోన్ రాలేదు. మార్చి మొదట్లోనే బీజీ చెప్పింది, "కంటికి ఆపరేషన్ చేస్తారట. కొన్నాళ్ళు ఫోన్ దగ్గరికి రాలేను. చేత్ వదీ అష్టమి, గుర్తుంచుకో" అని. వదీ అంటే చీకటి పక్షం. పంతులుగారి అమ్మాయికి అంతమాత్రం తెలియదా? వంటింటి గోడకు హన్మకొండ నుంచి తల్లి పంపిన తెలుగు క్యాలెండర్ ఉండనే ఉంది. వెతికింది. చైత్ర బహుళ అష్టమి, ఏప్రిల్ ఇరవై మూడు. ఎర్ర పెన్సిలు తీసుకుని చుట్టూ సున్నా చుట్టింది. ఈసారి ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే చేస్తున్నాను అని కాస్త గర్వపడింది కూడాను.

ఏం చెప్పమంటారు! పంజాబీలకు నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. హోలీ పున్నమి వెళ్ళిన మర్నాడే వాళ్ళకు చేత్ వచ్చేస్తుంది, మనకింకా పదిహేను రోజులు ఫాల్గుణమే. వాళ్ళ చేత్ చీకటి పక్షం మన ఉగాదికి ముందే అయిపోతుంది. మన చైత్రంలో చీకటి పక్షం ఉగాది వెళ్ళిన పదిహేను రోజులకు గానీ రాదు. రెండు అష్టములకూ మధ్యన నెల రోజులు. పంజాబీ అత్తకు ఇది తట్టదు, ఆమెకు చేత్ ఒకటే. తెలుగు కోడలికీ తట్టదు, ఆమెకు చైత్రం ఒకటే. హోలీ వెళ్ళిన ఎనిమిదో రోజు, మార్చి ఇరవై ఐదు, మంగళవారం. ఆ పొద్దున ఇంద్రజ పొయ్యి వెలిగించి బన్నీకి వేడి వేడిగా ఉప్మా పెట్టి, డే కేర్‌లో దింపి, రైలెక్కి వెల్లింగ్టన్‌లో ఆఫీసుకు వెళ్ళింది.

ఏప్రిల్ రెండున ఉగాది. పచ్చడిలో వేప్పువ్వు లేదు, ఎక్కడినుంచి వస్తుంది? కాకరకాయ ముక్క వేసింది. బన్నీ నాలుక చాపి నాకి, "యక్!" అని పెరడంతా పరుగెత్తింది. మర్నాడు పొద్దున ఒళ్ళు వెచ్చబడింది. మధ్యాహ్నానికి కాళ్ళ మీద ఊదారంగు మచ్చలు వచ్చాయి, నొక్కితే పోని మచ్చలు. ఆ రోజుల్లో ఆ దేశంలో ఏటా పిల్లలను ఎత్తుకుపోతున్న మెనింజైటిస్ అది. ఇంద్రజ క్షణం ఆలస్యం చేయలేదు, ఆస్పత్రిలో వాళ్ళూ చేయలేదు. చేయగలిగిందంతా చేశారు. సాయంత్రం ఆరింటికి బన్నీ పోయింది. నాలుగేళ్ళ రెండు నెలల పిల్ల.

నాలుగో రోజున జలంధర్ నుంచి ఫోన్. కంటికి కట్టు, ప్రయాణం వద్దన్నారు, బీజీ రాలేకపోయింది. చాలాసేపు ఆమె ఏడుపే వినిపించింది. తర్వాత అడిగింది, "పుత్తర్, బాసీ చేశావు కదూ? హోలీ వెళ్ళిన ఎనిమిదో రోజు. మంగళవారం పడింది."

ఇంద్రజ గోడ వైపు చూసింది. ఎర్ర సున్నా ఇంకా రెండు వారాల అవతల ఉంది.

"చేశాను బీజీ" అంది.

"చేశావా? మరైతే మాత ఎందుకు తీసుకుపోయింది?" అంది బీజీ.

వారం తిరక్కుండా నవరాత్రి అష్టమి వచ్చింది. ఆ రోజు పంజాబీలు తొమ్మిది మంది ఆడపిల్లలను పిలిచి, కాళ్ళు కడిగి, హల్వా పూరీ పెడతారు. రెండు వీధుల అవతలి పంజాబీ ఆంటీ ఇంట్లో ఏటా ఆ తొమ్మిది మందిలో బన్నీ ఒకతె. ఆ ఏడు ఆంటీ ఎనిమిది మందికి పెట్టి, తొమ్మిదో విస్తరి ఖాళీగా ఉంచిందట. తెలిసినవాళ్ళు వచ్చి చెప్పారు. ఎందుకు చెప్పారో వాళ్ళకే తెలియాలి.

తరుణ్ మంచివాడే. కాదనను. కానీ కూతురు పోయాక అతను ఆ పేరు పలకడం మానేశాడు. ఫోటోలు పెట్టెలో సర్దాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఆక్లాండ్‌లో ఏదో ఐటీ కాంట్రాక్టు దొరికిందని అక్కడే మౌంట్ ఆల్బర్ట్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. నెలకోసారి వచ్చేవాడు, ఇంట్లో పాడైనవి బాగుచేసేవాడు, వెళ్ళిపోయేవాడు. ఇంద్రజ లోవర్ హట్ ఇంట్లో ఒక్కతే. పొద్దున రైలు, ఆఫీసు, సాయంత్రం రైలు, అంతే.

అలాంటప్పుడు ఆమెతో బన్నీ గురించి మాట్లాడే మనిషి లోకంలో ఒక్కతే మిగిలింది, బీజీ. ప్రతి ఆదివారం ఫోన్. "ఇప్పటికి ఐదేళ్ళు నిండేవి." "ఈపాటికి ముందు పళ్ళు ఊడుతుండేవి." "నీలా మొండిదయ్యేది, మా వాడిలా మూగది కాదు." ఆ అరగంట కోసం ఇంద్రజ వారమంతా బతికేది.

అయితే ఆ బీజీ మునుపటి బీజీ కాదు. తరుణే ఒకసారి చెప్పాడు. శీతలామాత పటాన్ని గోడ వైపుకు తిప్పి పెట్టిందట. గుడి గడప తొక్కడం లేదట. నవరాత్రుల్లో ఉల్లిపాయ తిందట! నలభై రెండేళ్ళు నిష్ఠగా చేసిన మనిషి. "నేనూ చేశాను, నా కోడలూ చేసింది. ఇంకేం చేయాలి ఆవిడకు?" అందట, అడిగినవాళ్ళతో.

ఆ మాట ఇంద్రజ గుండెలో ములుకులా దిగింది. ముసలావిడ దేవతను పోగొట్టుకుంది, అదీ తన ఒక్క అబద్ధం వల్ల. నిజం చెబితే బీజీకి మాత మళ్ళీ దక్కుతుంది. మాత తప్పేమీ లేదని, కోడలే తప్పిందని తెలుస్తుంది. కానీ చెప్పాక, మనవరాలిని పొట్టన పెట్టుకున్నదానితో ఆదివారాలు ఎవరు మాట్లాడతారు? చెబితే ఉన్న ఒక్క మనిషీ పోతుంది. చెప్పకపోతే ఆ మనిషి దిక్కులేనిదై చస్తుంది. రెండేళ్ళు ఇదే నలిగింది. ఆ రెండేళ్ళూ చెప్పలేదు.

రెండు వేల ఐదుకు ఆ జబ్బుకు టీకా వచ్చింది. సాయంత్రం రైల్లో బడిపిల్లలు చొక్కా చేతులు పైకి లాక్కుని ఒకళ్ళకొకళ్ళు ప్లాస్టర్లు చూపించుకుంటున్నారు. ఇంద్రజ రెండు స్టేషన్ల ముందే దిగి వానలో ఇంటికి నడిచింది.

ఆ ఏడు మార్చిలోనే తరుణ్ తల్లిని పిలిపించాడు, "ఇందూకు తోడుగా ఉంటుంది" అని. ఆ తోడేదో తనే ఉండొచ్చు కదా అని అడగాలనిపిస్తుంది ఎవరికైనా. ఇంద్రజ అడగలేదు. విమానాశ్రయంలో బీజీని చూసి గుర్తుపట్టలేకపోయింది. ఫోన్‌లో అంత పెద్ద గొంతు, మనిషి చూస్తే గుప్పెడంత. బీజీ ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బన్నీ పోలికలు వెతుక్కున్నట్టు చాలాసేపు చూసింది.

హోలీ వచ్చింది, బీజీ రంగు ముట్టలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఆకులు రాలడం చూసేది. ఏం వండమంటారు బీజీ అంటే "ఏదైనా ఒకటే" అనేది. పొద్దున లేచి దణ్ణం పెట్టుకునేది కాదు. చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ ఖాళీ చేతులను చూసి చూసి ఇంద్రజకు ఓపిక నశించింది. తన సంగతి ఏమైతే అదైంది, చెప్పేయాలి అనుకుంది.

హోలీ తర్వాత రోజులు లెక్కపెట్టింది, ఈసారి క్యాలెండర్ జోలికి పోకుండా వేళ్ళ మీద. శనివారం పడింది. శుక్రవారం ఆఫీసు నుంచి పెందలాడే వచ్చి బియ్యం నానబెట్టింది. తీపన్నం వండింది, గుల్‌గులే వేసింది, పెరుగు తోడుపెట్టింది. నేతి వాసనకు బీజీ వంటింటి గుమ్మం దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళి కూర్చుంది.

శనివారం పొద్దున ఇంద్రజ పొయ్యి వెలిగించలేదు. టీ కూడా పెట్టలేదు. చల్లటి తీపన్నం గిన్నె బల్ల మీద పెట్టి, అలమరాలో చీరల అడుగున దాచిన పాత క్యాలెండర్ తెచ్చి బీజీ ముందు విప్పింది. రెండు వేల మూడు, ఏప్రిల్ పేజీ.

"బీజీ, ఆ ఏడు నేను బాసీ చేయలేదు."

బీజీ తలెత్తింది.

"చేయొద్దని కాదు. మా చైత్రంలో ఆ అష్టమి వేరు బీజీ, మీ దానికంటే నెల వెనక. నాకు తెలియలేదు. మా క్యాలెండర్ చూసుకుని ఇదిగో, ఈ రోజు అనుకున్నాను. అప్పటికే పోయింది బన్నీ. మీరు అడిగితే అబద్ధం చెప్పాను." క్యాలెండర్‌ను బీజీ వైపు జరిపింది. "మాతను మీరేమీ అనొద్దు. ఆవిడ తప్పు లేదు, తప్పంతా నాది. మీ పటం మీరు మళ్ళీ తిప్పుకోండి. నన్ను ఏమన్నా అనండి. మీరు వెళ్ళిపోతానంటే టికెట్ నేనే తీస్తాను."

బీజీ క్యాలెండర్‌ను మంచి కంటి దగ్గరికి తెచ్చుకుంది. ఎర్ర సున్నా మీద వేలు పెట్టింది.

"ఇది నువ్వు చుట్టిందేనా?"

"నేనే బీజీ."

"అంటే మరిచిపోలేదు."

"లేదు."

బీజీ చాలాసేపు ఆ సున్నా చుట్టూ వేలు తిప్పింది. తిడుతుందని ఇంద్రజ చూస్తోంది. తిడితే బాగుండునని కూడా చూస్తోంది.

"నువ్వు తప్పుతావని నాకు ముందే అనిపించింది" అంది బీజీ చివరికి. "మద్రాసీ పిల్ల, నేను ఫోన్ చేయకపోతే దీనికి ఏం గుర్తుంటుంది అనుకున్నాను. నీ మీద నమ్మకం లేకపోయింది పుత్తర్. అందుకని నేనే చేశాను."

"ఏంటి బీజీ?"

"బన్నీ పేరున. కంటికి కట్టు ఉంది, పొయ్యి దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. ఆ రోజున పొయ్యి దగ్గరికి ఎవరు పోతారులే అన్నాను. పక్కింటామె చేత ముందురోజే అన్నం వండించాను. రిక్షా ఎక్కి మాత గుడికి వెళ్ళాను. బన్నీ పేరు చెప్పి, తల్లి ఇంద్రజ అని నీ పేరు చెప్పి, నా చేత్తో పెట్టాను. మంగళవారం. సరైన రోజునే."

"నాకు చెప్పలేదేం?" అంది ఇంద్రజ.

"ఏమని చెప్పను? నీ మీద నమ్మకం లేక చేశానని చెప్పనా?" బీజీ క్యాలెండర్ మడిచింది. "రెండు చోట్లా జరిగిందనుకున్నాను. ఇప్పుడు ఒక్క చోటే జరిగిందంటున్నావు. ఒక్క చోట జరిగితే చాలదా, అంత చిన్నపిల్లకు?"

దీనికి ఎవరు సమాధానం చెబుతారండీ? రెండేళ్ళుగా ఇంద్రజ ఆ తప్పును కడుపులో పెట్టుకుని మోసింది. బరువే, కానీ పట్టుకోవడానికి అదొక్కటైనా ఉంది. నేను రోజు తప్పాను, అందుకే పోయింది అనుకుంటే, కూతురు పోవడానికి ఒక కారణమంటూ ఉండేది. ఇప్పుడు అదీ లేదు. చేయాల్సిన రోజున, చేయాల్సిన పద్ధతిలో, పేరు చెప్పి మరీ చేశారు. అయినా పోయింది. ఊరికే పోయింది. ఇంద్రజ బల్ల అంచు పట్టుకుని, పిల్ల పోయిన రోజున కూడా ఏడవనంత ఏడ్చింది.

బీజీ ఆమెను ఓదార్చలేదు. లేచి, తీపన్నం గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అది కరెంటు పొయ్యి, నాలుగు మీటలు. వచ్చి మూడు వారాలైనా ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఏ మీట?" అని అడిగింది.

"బీజీ, ఇవాళ..."

"ఇవాళ అయితే?"

ఇంద్రజ కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళి మీట తిప్పింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, పొయ్యిలో నల్లటి తీగచుట్ట మెల్లగా ఎర్రబడటం చూశారు. అన్నేళ్ళలో ఆ అష్టమి నాడు బీజీ పొయ్యి వెలగడం చూడటం అదే మొదలు. అన్నం కలిపి, కలిపి, గిన్నె అడుగు మాడేదాకా వేడి చేసింది. రెండు పళ్ళేల్లో పెట్టింది. ఆవిరి లేస్తోంది.

"తిను" అంది.

ఇంద్రజ ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక చుర్రుమంది.

"కాస్త చల్లారనివ్వనా బీజీ?"

"వద్దు" అంది బీజీ.